పెద్ద జాతి కుక్కల పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద కుక్కను తెచ్చుకున్నవాళ్లు, తెచ్చుకోవాలని చూస్తున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. చిన్న కుక్కలకు చెప్పే సలహాలు చాలావరకు వీటికీ పనికొస్తాయి. పనికిరాని చోట్ల మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాను.

ఎంత బరువుంటే పెద్ద జాతి అంటారు?

అందరూ ఒప్పుకున్న గీత ఏదీ లేదు. పెరిగాక 25 కిలోలు దాటేవి పెద్ద జాతి, 45 కిలోలు దాటేవి జెయింట్ జాతి అని మామూలుగా లెక్క వేస్తారు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ మొదటి రకం. గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్, మాస్టిఫ్ రెండో రకం. మగ రాట్‌వైలర్ ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. గిన్నిస్ రికార్డుకెక్కిన జియూస్ అనే గ్రేట్ డేన్ భుజం దగ్గర 111.8 సెంటీమీటర్ల ఎత్తు ఉండేది. అంత కాకపోయినా, మామూలు గ్రేట్ డేన్‌కు కూడా భోజనాల బల్ల మీద అందనిదంటూ ఏమీ ఉండదు. ఇంట్లో ఏది ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచించుకోండి.

మాది అపార్ట్‌మెంట్. పెంచగలమా?

పెంచగలరు. ఇంటి వైశాల్యం కంటే ఇంట్లోవాళ్ల ఓపిక ముఖ్యం. గ్రేట్ డేన్ లాంటివి పెద్దయ్యాక రోజులో ఎక్కువ భాగం నిద్రలోనే గడుపుతాయి. జర్మన్ షెపర్డ్‌ను మాత్రం పనీపాటా లేకుండా కూర్చోబెడితే బంగళా కూడా చాలదు. పెరడు ఉంది కదా, అందులో వదిలేస్తే అదే తిరుగుతుందిలే అనుకునేవాళ్లున్నారు. ఒంటరిగా వదిలిన కుక్క పరుగులు తీయదు. గేటు దగ్గర కూర్చుని దారిన పోయేవాళ్లందరి మీదా మొరుగుతుంది.

అపార్ట్‌మెంట్‌వాళ్లు ఆలోచించాల్సింది లిఫ్ట్ గురించి. లిఫ్ట్ ఆగిపోయిన రోజున కాలు నొప్పితో ఉన్న 40 కిలోల కుక్కను మూడో అంతస్తు నుంచి ఎవరు దించుతారు? దీనికి మీ దగ్గర సమాధానం ఉంటే మిగతావన్నీ సర్దుకుంటాయి.

పెద్ద జాతి పిల్లలకు వేరే ఫుడ్ కావాలా, లేక అది కంపెనీల వ్యాపారమా?

ఈ ఒక్క విషయంలో కంపెనీలు చెప్పేది నిజమే. చిన్న కుక్క పది నెలలకల్లా ఎదుగుదల ముగించేస్తుంది. పెద్ద జాతికి 15 నుంచి 18 నెలలు, జెయింట్ జాతికి దాదాపు రెండేళ్లు పడుతుంది. ఆ కాలమంతా ఎముకలు పూర్తిగా గట్టిపడవు. తిండి ఎక్కువై బరువు ముందే పెరిగితే, ఆ భారం ఇంకా గట్టిపడని కీళ్ల మీద పడుతుంది. అందుకని పెద్ద జాతి పిల్లల ఫుడ్‌లో కేలరీలు, కాల్షియం కాస్త అదుపులో ఉంచుతారు.

ప్యాకెట్ మీద 'పప్పీ' అన్న మాట ఒక్కటే చూసి కొనకండి. పెరిగాక 32 కిలోలు దాటే కుక్కల ఎదుగుదలకు కూడా సరిపోతుందని రాసి ఉందో లేదో చూడండి. ఇంట్లో వండి పెట్టాలనుకుంటే తప్పేం లేదు. కాకపోతే ఎదిగే పిల్లకు కొలత లేకుండా వండిపెట్టడం ప్రమాదం. జంతువుల పోషకాహారం తెలిసిన డాక్టరు చేత మెనూ రాయించుకోండి.

ఎముకలు గట్టిపడాలంటే కాల్షియం టానిక్ పోయాలి కదా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

ఎదిగిన కుక్కకు ఒంట్లో కాల్షియం ఎక్కువైతే పేగులు తీసుకోవడం తగ్గించేస్తాయి. నెలల పిల్లకు ఆ అదుపు ఇంకా సరిగ్గా రాదు. ఎంత ఎక్కువ పోస్తే అంత ఎక్కువ లోపలికి వెళ్తుంది. ఎక్కువైన కాల్షియం ఎముక ఎదిగే తీరునే చెడగొడుతుంది. కాళ్లు వంకర తిరగడం, కీలులోని మృదులాస్థి పగుళ్లివ్వడం లాంటివి వస్తాయి. సరైన ఫుడ్ తింటున్న పిల్లకు పైన ఇంకే కాల్షియమూ అక్కర్లేదు. అమెరికాలో పెంపుడు జంతువుల ఫుడ్‌కు కొలతలు పెట్టే ఏఏఎఫ్‌సీఓ సంస్థ, పెద్ద జాతి పిల్లల ఫుడ్‌లో తేమ తీసేసి లెక్కిస్తే కాల్షియం 1.8 శాతం మించకూడదని పరిమితి పెట్టింది.

పిల్ల కాళ్లు వంగాయని కాల్షియం పోస్తారు, దాంతో ఇంకా వంగుతాయి, అప్పుడు డోసు పెంచుతారు. కాళ్లు వంగినట్టు కనిపిస్తే సీసా పక్కన పెట్టి, ఏం పెడుతున్నారో ఆ లిస్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మా లాబ్రడార్ పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి. చుట్టాలందరూ బక్కచిక్కిపోయింది అంటున్నారు.

చుట్టాలను అననివ్వండి. పక్కటెముకలు కంటికి కొట్టొచ్చినట్టు కనపడకూడదు, చేత్తో మెల్లగా నిమిరితే మాత్రం తగలాలి. పైనుంచి చూస్తే నడుము సన్నబడాలి, పక్కనుంచి చూస్తే పొట్ట వెనక కాళ్లవైపు వెళ్లేకొద్దీ పైకి ఎక్కి ఉండాలి. మీరు చెప్పింది అదే అయితే కుక్క సరిగ్గా ఉన్నట్టే. పెద్ద కుక్క బొద్దుగా ఉంటేనే ఆరోగ్యం అనే నమ్మకం బాగా పాతుకుపోయింది.

దీని మీద 48 లాబ్రడార్లను పుట్టినప్పటి నుంచి చనిపోయేదాకా గమనించిన అధ్యయనం ఒకటుంది. 2002లో ఫలితాలు వచ్చాయి. ఒకే ఈతలో పుట్టిన పిల్లలను జంటలుగా విడదీసి, జంటలో ఒకదానికి రెండోదాని కంటే పావు వంతు తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి సగటున 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి. కీళ్లనొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. ఏ మందూ టానిక్కూ కుక్కకు దాదాపు రెండేళ్ల ఆయుష్షు ఇవ్వదు. కొలిచిపెట్టే కప్పు ఇస్తుంది.

లాబ్రడార్లకు ఇంకో చిక్కుంది. దాదాపు నాలుగింట ఒకదానిలో, కడుపు నిండిందని మెదడుకు చెప్పే వ్యవస్థకు సంబంధించిన పీఓఎంసీ అనే జన్యువు కొంత తెగిపోయి ఉంటుంది. దీన్ని 2016లో కనిపెట్టారు. ఇలాంటి కుక్క ఇప్పుడే తిని వచ్చి కూడా పదిరోజుల పస్తు మొహం పెడుతుంది. జాలిపడొద్దు.

పిల్లను రోజూ ఎంతసేపు నడిపించాలి?

ఒక్కో నెల వయసుకు ఐదు నిమిషాల చొప్పున అనే లెక్క అందరూ చెబుతారు. దానికి గట్టి ఆధారమేమీ లేదు, అయినా అతిగా నడిపించేవాళ్లకు కళ్లెంగా పనికొస్తుంది. అసలు తేడా ఎంతసేపు అన్నదాని కంటే ఎలా అన్నదాంట్లో ఉంది. బెల్టు వేసి రోడ్డు మీద మీ వేగంతో లాక్కెళ్లడం, బైకు పక్కన పరిగెత్తించడం, బంతి పదేపదే విసిరి ఎగిరి పట్టించడం ఎదిగే కీళ్లకు చేటు. మెత్తటి నేల మీద బెల్టు లేకుండా దాని ఇష్టానికి వదిలేస్తే, అదే పరిగెత్తుతుంది, అదే ఆగుతుంది, అలసిపోతే పడుకుంటుంది.

నార్వేలో న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్, లియోన్‌బర్గర్, ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ పిల్లల మీద చేసిన పరిశోధన 2012లో వచ్చింది. మూడు నెలల లోపు రోజూ మెట్లెక్కి దిగిన పిల్లలకు తుంటి కీలు జబ్బు ముప్పు ఎక్కువగా కనిపించింది. అదే వయసులో బయట మెత్తటి, కాస్త ఎగుడుదిగుడు నేల మీద స్వేచ్ఛగా తిరిగిన వాటికి తగ్గింది. కాబట్టి మూడు నెలలదాకా మెట్ల దగ్గర ఎత్తుకోండి. ఆ తర్వాత ఎలాగూ ఎత్తలేరు. ఇంట్లో నున్నటి టైల్స్ ఉంటే పిల్ల తిరిగే దారిలో మ్యాట్లు పరవండి.

బెల్టు వేస్తే నన్నే లాక్కుపోతోంది. ఇంటికొచ్చినవాళ్ల మీదకు ఎగురుతోంది.

ఎగరడం మూడు నెలలప్పుడు ముద్దుగా ఉండి ఉంటుంది. అప్పుడు ఎగిరినప్పుడల్లా నవ్వి తల నిమిరారు. ఇప్పుడు అదే పని 35 కిలోలతో చేస్తోంది. కుక్క దృష్టిలో రూలు మారలేదు. పెద్ద జాతితో వచ్చే తిప్పలు సగం ఇలాంటివే. సోఫా ఎక్కడం, చేయి కొరకడం, మన కంచంలోకి మూతి పెట్టడం, అన్నీ ఇంతే. పెద్దయ్యాక ఏది వద్దో అది మొదటి రోజు నుంచే వద్దు.

ఎగిరినప్పుడు మోకాలితో నెట్టడం, అరవడం దానికి ఆటలాగే అనిపిస్తాయి. వెనక్కి తిరిగి నిలబడండి. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే పలకరించండి. ఇంట్లో ఒక్కరు ఎగరనిచ్చినా మిగతావాళ్ల కష్టం వృథా. సాధారణంగా ఆ ఒక్కరు తాతయ్యో నాన్నో అయి ఉంటారు, వాళ్లకే ముందు ట్రైనింగ్ ఇవ్వాలి.

లాగడానికి: లాగిన క్షణంలో ఆగిపోండి. బెల్టు వదులైనప్పుడే అడుగు వేయండి. మొదట్లో వీధి చివరికి చేరడానికే చాలాసేపు పడుతుంది. ఛాతీ ముందు కొక్కెం ఉండే హార్నెస్ వాడితే లాగే బలం తగ్గుతుంది. ముళ్ల కాలర్లు, షాక్ కాలర్లు వద్దు. నొప్పిని ఎదురుగా కనిపించిన మనిషితోనో కుక్కతోనో ముడిపెట్టుకుని, లాగే కుక్క కాస్తా కరిచే కుక్క అవుతుంది.

గుర్రుమంటే కొట్టాలా?

కొట్టకూడదు. గుర్రుమనడం హెచ్చరిక. కొడితే హెచ్చరించడం మానేస్తుంది, దాని భయం మాత్రం అలాగే ఉంటుంది. తర్వాతిసారి చెప్పకుండా కరుస్తుంది. దేనికి గుర్రుమందో చూసి దాన్ని దూరం చేయండి. ఇది మళ్లీ మళ్లీ జరుగుతుంటే కుక్కల ప్రవర్తన తెలిసినవాళ్లకు చూపించండి. హఠాత్తుగా మొదలైతే ముందు డాక్టరుకు చూపించండి, ఎక్కడో నొప్పి ఉండొచ్చు.

చిన్నపిల్లలతో ఎంత మంచి కుక్కనైనా ఒంటరిగా వదలకూడదు. కరుస్తుందని కూడా కాదు. సంతోషంగా తోక ఊపుతూ తిరిగినా రెండేళ్ల పాప కిందపడుతుంది.

పొట్ట మెలిపడి చనిపోతాయట, నిజమేనా?

నిజమే. ఛాతీ లోతుగా ఉండే పెద్ద కుక్కల్లో కడుపు గాలితో ఉబ్బి, తన చుట్టూ తాను మెలితిరుగుతుంది. రక్తప్రసరణ ఆగిపోతుంది. గంటల్లో ప్రాణం పోతుంది. గ్రేట్ డేన్‌కు ఈ ముప్పు మరీ ఎక్కువ. జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, సెయింట్ బెర్నార్డ్‌లకు కూడా వస్తుంది.

గుర్తుపట్టడానికి అన్నిటికంటే పెద్ద గుర్తు: వాంతికి ప్రయత్నిస్తుంది, ఏమీ రాదు, లేదా నురగ మాత్రమే వస్తుంది. దీంతోపాటు ఒకచోట నిలవలేక తిరుగుతుంది, పొట్టవైపు తిరిగి చూసుకుంటుంది, చొంగ ఎక్కువవుతుంది, పొట్ట డోలులా బిగుస్తుంది. జుట్టు దట్టంగా ఉన్న కుక్కల్లో పొట్ట ఉబ్బు పైకి తెలియకపోవచ్చు. ఖాళీ వాంతి కనపడితే అర్ధరాత్రయినా ఆగొద్దు. గ్యాస్ మందు పోసి చూద్దాం, పొద్దున చూద్దాం అనడానికి ఇందులో టైమ్ ఉండదు. ఆపరేషన్ ఒక్కటే దారి. రాత్రిపూట ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఏది, అక్కడికి ఎంతసేపు పడుతుంది అన్నది కుక్క బాగున్న రోజునే కనుక్కుని, ఫోన్ నంబరు ఇంట్లో అందరికీ కనపడేలా పెట్టండి.

ముప్పు తగ్గించుకోవడానికి రోజుకు ఒకేసారి కడుపు నిండా పెట్టకుండా రెండు మూడు పూటలుగా పెట్టండి. గబగబా మింగే కుక్కకు లోపల గడులున్న గిన్నె వాడండి. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ జబ్బు వచ్చి ఉంటే మరింత జాగ్రత్త. అలాంటి కుక్కలకు, గ్రేట్ డేన్‌లకు, కడుపును లోపలి గోడకు కుట్టేసే గ్యాస్ట్రోపెక్సీ గురించి డాక్టరుతో మాట్లాడండి. సంతానం కలగకుండా చేసే ఆపరేషన్‌తో కలిపి ఒకే మత్తులో చేయించుకోవచ్చు. కడుపు ఉబ్బడాన్ని అది ఆపదు గానీ ప్రాణం తీసే ఆ మెలిని దాదాపు రానివ్వదు.

గిన్నెను ఎత్తు స్టాండు మీద పెడితే మంచిదంటారు?

ఒకప్పుడు అందరూ అదే చెప్పేవాళ్లు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 2000లో ప్రచురించిన పరిశోధనలో, ఎత్తులో తినే పెద్ద కుక్కలకే కడుపు మెలి ముప్పు ఎక్కువని తేలింది. మెడనొప్పి లాంటి కారణంతో డాక్టరు చెబితే తప్ప గిన్నె నేల మీదే ఉంచండి.

సంతానం కలగకుండా ఆపరేషన్ ఏ వయసులో?

ఆరు నెలలకే చేయించేయాలన్న సలహా చిన్న కుక్కల విషయంలో సరే. పెద్దవాటిలో జాతిని బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఎముక ఎదుగుదల ఎప్పుడు ఆగాలో చెప్పేది సెక్స్ హార్మోన్లే. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 35 జాతులను పరిశీలించి 2020లో ఫలితాలు ఇచ్చింది. జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్ లాంటి చాలా పెద్ద జాతుల్లో ఏడాది లోపు ఆపరేషన్ అయిన వాటికి కీళ్ల జబ్బులు ఎక్కువగా వచ్చాయి. చిత్రంగా గ్రేట్ డేన్‌లోనూ ఐరిష్ వుల్ఫ్‌హౌండ్‌లోనూ ఆ తేడా కనపడలేదు. ఆడకుక్కకు మరీ ఆలస్యం చేసినా గర్భాశయంలో చీము పట్టే ప్రమాదం ఉంటుంది. మీ జాతి పేరు చెప్పి అడగండి, పక్కింటి కుక్క వయసుతో పోల్చొద్దు.

పిల్లను కొనేటప్పుడు ఏం అడగాలి?

అమ్మానాన్నల తుంటి, మోచేతి ఎక్స్-రే రిపోర్టులు. డాబర్‌మన్, గ్రేట్ డేన్ అయితే గుండె పరీక్షలు కూడా. 'మా కుక్కలకు ఏ జబ్బులూ లేవండీ' అనే మాటను రిపోర్టుగా లెక్కేయకండి. తుంటి జబ్బున్న కుక్క రెండు మూడేళ్లదాకా ఏమీ లేనట్టే పరిగెత్తగలదు. తల్లిని చూపించకపోతే వెనక్కి వచ్చేయండి. ఎనిమిది వారాల లోపు పిల్లను తీసుకోకండి. ఇంటికి తెచ్చాక టీకాలు పూర్తయ్యేదాకా గదిలో బంధించకండి. కొత్త మనుషులకు, చప్పుళ్లకు కుక్క తేలిగ్గా అలవాటుపడే వయసు 14 వారాలకే ముగిసిపోతుంది. ఎత్తుకుని తిప్పండి. టీకాలు పూర్తయిన, నిదానస్తులైన పెద్ద కుక్కలను కలవనివ్వండి.

వేసవిలో జుట్టు గొరిగించాలా?

రెండు పొరల జుట్టున్న కుక్కలకు వద్దు. జర్మన్ షెపర్డ్, గోల్డెన్, న్యూఫౌండ్‌లాండ్ అన్నీ ఈ కోవలోవే. ఆ జుట్టు ఎండ నేరుగా చర్మానికి తగలనివ్వదు, గొరిగాక మళ్లీ సరిగ్గా మొలవకపోవచ్చు. రోజూ దువ్వి లోపలి పొరలో ఊడిన జుట్టు తీసేస్తే చాలు.

వేడి మాత్రం నిజమైన శత్రువే. కుక్క ఒళ్లంతా చెమట పట్టదు, ముఖ్యంగా వగర్చడం ద్వారానే చల్లబడుతుంది. పెద్ద శరీరం వేడిని త్వరగా వదలదు. అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టి ఉంచలేకపోతే కుక్కను ఆ రోడ్డు మీదికి తీసుకెళ్లకండి. మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41కి చేరిందంటే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. తూలడం, ఆగకుండా వగర్చడం, చిగుళ్లు ఎర్రబడడం కనిపిస్తే ముందు ఒళ్లంతా నీళ్లు పోసి ఫ్యాన్ గాలి తగలనివ్వండి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరండి. తడి తువ్వాలు కప్పి అలా వదిలేయొద్దు, కాసేపటికి అదే వేడిని పట్టి ఉంచుతుంది.

మోచేతుల దగ్గర జుట్టు ఊడి చర్మం మొద్దుబారింది.

బరువైన కుక్క గట్టి నేల మీద పడుకుంటే అలాగే అవుతుంది. మందమైన పరుపు వేయండి. నీరు చేరి మెత్తటి గడ్డలా ఉబ్బినా, పగిలి చీము పట్టినా డాక్టరుకు చూపించండి. మీరే గుచ్చొద్దు. ఎంత మంచి పరుపు వేసినా చల్లగా ఉంటుందని మళ్లీ నేల మీదికే వెళ్లే కుక్కలున్నాయి, వాటితో గెలవడం కష్టం.

కుంటుతోంది. మన నొప్పి మాత్ర సగం వేయొచ్చా?

పావు కూడా వేయకండి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కాలేయాన్ని, కిడ్నీలను, కడుపును దెబ్బతీస్తాయి.

కుంటడానికి కారణం వయసును బట్టి ఊహించవచ్చు. ఐదు నుంచి 18 నెలల వయసులో, ఈ వారం ఈ కాలు, వచ్చే వారం ఆ కాలు అన్నట్టు కుంటితే అది చాలావరకు పానోస్టైటిస్ అనే ఎదుగుదల నొప్పి, దానంతట అదే తగ్గుతుంది. నడివయసులో వెనక కాలు హఠాత్తుగా ఎత్తేస్తే మోకాలి లిగమెంటు తెగి ఉండొచ్చు. బరువు తగ్గించకపోతే తర్వాత రెండో కాలిదీ తెగే అవకాశం ఎక్కువ. వయసు మళ్లిన పెద్ద కుక్క కుంటుతూ, భుజం, మణికట్టు, మోకాలు దగ్గర వాపు కనిపిస్తే ఎముక క్యాన్సర్ అనుమానించాలి. అక్కడ బెణుకు అనుకుని వారాలు గడపడం మంచిది కాదు. వెంటనే ఎక్స్-రే తీయించండి.

ఖర్చు నిజంగా అంత ఎక్కువా?

నులిపురుగుల మందు, పేలమందు, మత్తు ఇంజెక్షన్, యాంటీబయోటిక్, అన్నీ కిలోల లెక్కనే. పది కిలోల కుక్కకు ఒక మాత్ర అయితే మీకు నాలుగైదు. తిండి ఖర్చు అందరూ ముందే లెక్కేస్తారు, మందుల ఖర్చే మర్చిపోతారు.

ఎన్నేళ్లు బతుకుతాయి?

లాబ్రడార్ 11 నుంచి 13 ఏళ్లు, గ్రేట్ డేన్ 8 నుంచి 10. జర్మనీ పరిశోధకులు 74 జాతుల లెక్కలు తీసి 2013లో తేల్చిందేమిటంటే, ప్రతి రెండు కిలోల బరువుకు సుమారు ఒక నెల ఆయుష్షు తగ్గుతుంది. పెద్ద కుక్కలు వేగంగా ముసలివవుతాయి. అందుకని ఆరేడేళ్ల నుంచే ఏడాదికి రెండుసార్లు చెకప్ చేయించండి. ముసలి లాబ్రడార్ మొరుగు బొంగురుపోయి ఊపిరి గరగరలాడుతుంటే స్వరపేటిక పక్షవాతం కావచ్చు. వేడి రోజుల్లో అది ఊపిరాడనివ్వదు. గోల్డెన్, జర్మన్ షెపర్డ్ ఉన్నట్టుండి కూలబడి చిగుళ్లు తెల్లబడితే ప్లీహం దగ్గర గడ్డ పగిలి లోపల రక్తం కారుతుండొచ్చు, అది అత్యవసరం.

ముసలిదయ్యాక లేవలేకపోతే ఒక్కరే ఎలా లేపాలి?

చంకలు పట్టి, ముందుకాళ్లు పట్టి లాగొద్దు. పెద్ద తువ్వాలును పొట్ట కింద నుంచి, వెనక కాళ్లకు ముందుగా తీసి, రెండు కొసలూ పైన పట్టుకుని వెనక భాగం బరువు మోయండి. ముందుకాళ్లతో అదే నడుస్తుంది. దీనికోసమే పట్టీలున్న హార్నెస్‌లు దొరుకుతాయి. అసలే కదల్లేని స్థితిలో ఉంటే దుప్పటి మీదికి దొర్లించి, ఆ దుప్పటిని లాగండి. నొప్పిలో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది కాబట్టి మూతికట్టు వేయండి, అయితే వాంతి చేసుకుంటున్నా ఊపిరికి ఇబ్బంది పడుతున్నా వేయకూడదు. కారు ఎక్కడానికి ఏటవాలు పలకను, మూతికట్టును కుక్క కుర్రతనంలో ఉండగానే తినిపిస్తూ అలవాటు చేసి ఉంచండి.